‘ప్రగాఢ’ కాదమ్మా, ప్రగడ

సందేహం: మా ఇంటిపేరు మల్లాప్రగడ. మా పూర్వీకుల ‘ప్రగాఢ’ పాండిత్యం వల్ల ఆ పేరు వచ్చిందని బంధువుల వాట్సాప్ గ్రూపులో ఒకరు రాశారు. నిజమేనా? – ఒక పాఠకురాలు, కాకినాడ

సమాధానం: మీ పూర్వీకుల పాండిత్యాన్ని శంకించడం లేదమ్మా. కానీ ఆ పేరులో ఉన్నది పాండిత్యం కాదు, ఉద్యోగం. ఏ దేశిమాట కనబడినా దాని మీద సంస్కృతపు కండువా కప్పందే మనవాళ్లకు నిద్ర పట్టదు.

పాత తెలుగులో ఇది ‘ప్రెగ్గడ’. మంత్రి, పెద్ద అధికారి అని అర్థం. కన్నడంలో దీని తోబుట్టువు ‘పెర్గడె’. ‘పెర్’ అంటే పెద్ద. మాట మొదట్లోని పకారం కన్నడిగుల నోట హకారమైంది. మన పాలు వాళ్లకు హాలు, మన పులి వాళ్లకు హులి. అలాగే పెర్గడె హెగ్గడె అయి, ఇప్పుడు హెగ్డేగా తిరుగుతోంది. మనవాళ్లు పకారం జోలికి పోలేదు గానీ రేఫను, అంటే రకారాన్ని, ముందుకు లాగారు. తమిళుల విరల్ మనకు వ్రేలు, వాళ్ల మరం మనకు మ్రాను అయినట్టే ఇదీ. తర్వాత వ్రేలు వేలయింది, మ్రాను మానయింది. ప్రగడలో మాత్రం రేఫ అంటిపెట్టుకునే ఉంది. ఇంటిపేరు కదా, అంత తేలిగ్గా అరగదు.

ఇక ఎఱ్ఱన సంగతి. అద్దంకి ప్రోలయ వేమారెడ్డి ఆస్థానకవి, అరణ్యపర్వంలో మిగిలిన భాగాన్ని నన్నయ పేరు మీదే పూరించిన పెద్దమనిషి. ఆయన్ను ఎఱ్ఱాప్రెగ్గడ అంటాం. అది ఇంటిపేరనుకునే పిల్లలను ‘మరి ఆయన పేరేమిటి?’ అని అడిగి చూడండి, తెల్లమొహం వేస్తారు. ఎఱ్ఱన మనిషి పేరు, ప్రెగ్గడ హోదా. తిక్కన సోమయాజి అన్నట్టే. హోదా పేరుకు అతుక్కుంది, ఆ రెండూ కలిసి మనుమల కాలానికి ఇంటిపేరై కూర్చున్నాయి. పోలాప్రగడ, చెన్నాప్రగడ కూడా ఆ అచ్చులోవే. కరణం, తలారి, రాయసం కూడా కొలువు పేర్లే; రాయసమంటే ప్రభువుల ఉత్తరాలు రాసే పని.

ఆ లెక్కన మీ వంశంలో మల్లన అనే ఆయన ఒకరు ప్రెగ్గడగా ఉండి ఉండాలి. రాజు పక్కన కూర్చున్న మంత్రా, ఏ ఊరి వ్యవహారాలో చూసిన అధికారా అన్నది పేరొక్కటే చూసి తేల్చలేం. కన్నడదేశంలో హెగ్గడె ఊరిపెద్దకూ చెల్లింది. కాబట్టి గ్రూపులో అప్పుడే ‘మంత్రి వంశం’ అని పెట్టేయకండి.

శుభలేఖలో ‘మల్లా ప్రగడ’ అని విడగొట్టి అచ్చు వేయించినా నాకు పెద్ద పేచీ లేదు. ఆ ‘ఢ’కు ఒత్తు మాత్రం తీయించండి.