ఆర్‌టీఎక్స్ 4070 గ్రాఫిక్స్ కార్డు కొనేముందు మీ ప్రాసెసర్ పేరు చివర ఎఫ్ ఉందేమో చూసుకోండి

ఐ5-12400ఎఫ్ ప్రాసెసర్, 32 జీబీ ర్యామ్, ఆర్‌టీఎక్స్ 3060 ఉన్నా సోనీ ఏ7 ఫోర్‌తో తీసిన పెళ్ళి ఫుటేజ్ ప్రీమియర్ (అడోబీ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్)లో ఆగి ఆగి ప్లే అవుతోంది, 4070 వేయిస్తే పోతుందా అని అడిగారు కదా. పోదు బ్రో. డబ్బులు దాచుకోండి.

మీది చదువుతుంటే అచ్చం నా కథే. నాది కూడా అదే ప్రాసెసర్, అదే కార్డు. సిస్టమ్ కట్టించుకునేటప్పుడు షాపాయన ఎఫ్ తీసుకోండి సార్, ఎలాగూ గ్రాఫిక్స్ కార్డు వేస్తున్నారు, లోపల ఇంకో గ్రాఫిక్స్ దండగ అన్నాడు, రెండు వేలో ఎంతో మిగులుతాయి కదా అని నేనూ ఊ కొట్టాను. ఆయన తప్పు కూడా కాదు లెండి, గేమ్స్ ఆడేవాళ్ళకి అది నిజమే. పాత కెమెరాతో ఉన్నన్నాళ్ళు ఏ గొడవా లేదు. ఏ7 ఫోర్ కొన్న సీజన్‌లో మొదలైంది అసలు సినిమా, మూడు కెమెరాల మల్టీక్యామ్ పెట్టి ప్లే కొడితే పెళ్ళికొడుకు చేతులు పైకెత్తేవాడు, తలంబ్రాలు మాత్రం మూడు సెకన్ల తర్వాత పడేవి. సౌండ్ మాత్రం ఆగకుండా మేళం మోగుతూనే ఉండేది, అది ఇంకా చిరాకు.

ర్యామ్ 16 నుంచి 32 చేశా. ఎన్‌వీఎమ్‌ఈ అనే స్పీడ్ స్టోరేజ్ డ్రైవ్ వేశా. ప్రీమియర్ తాత్కాలిక ఫైళ్ళు దాచుకునే మీడియా క్యాష్ వేరే డ్రైవ్‌కి మార్చా. విండోస్ కూడా కొత్తగా ఎక్కించా. పిసరంత మార్పు లేదు. చివరికి స్టూడియోలో పనిచేసే ఫ్రెండ్ ఒకడు వచ్చి టాస్క్ మేనేజర్ తెరిచి చూపించాడు, ప్లే నడుస్తుంటే సీపీయూ నూటికి నూరు, జీపీయూలో వీడియో డీకోడ్ (అంటే కుదించిన వీడియో ఫైల్‌ని విప్పడం) అని ఉండే గ్రాఫ్ మాత్రం సున్నా దగ్గర పడుకుని ఉంది. కార్డు ఆ ఫైల్‌ని అసలు ముట్టుకోవట్లేదన్నమాట.

విషయం ఏంటంటే మనం 4:2:2 10 బిట్‌లో తీస్తున్నాం, వీడియోలో కలర్ ఎంత వివరంగా దాచాలో చెప్పే సెట్టింగ్ అది. 4:2:0 కన్నా కలర్ సమాచారం రెట్టింపు ఉంటుంది, లాగ్‌లో (తర్వాత కలర్ దిద్దుకోవడానికి వీలుగా వెలిసినట్టు తీసే ప్రొఫైల్) తీసి గ్రేడ్ చేసేవాళ్ళకి మంచిదే. కాకపోతే ఎన్‌విడియా 20, 30, 40 సిరీస్ కార్డుల్లో డీకోడ్ చేసే భాగానికి 4:2:2 రాదు. ఆ భాగం కార్డులో విడిగా ఉంటుంది, 3060 పవర్‌కీ దానికీ సంబంధం లేదు. లుమెట్రీ కలర్ (ప్రీమియర్‌లో కలర్ దిద్దే టూల్), స్కేలింగ్, బ్లర్ లాంటివి కార్డు చక్కగా లాగేస్తుంది, కానీ ముందు ఫైల్ విప్పాలి కదా, ఆ చాకిరీ మొత్తం ప్రాసెసర్ నెత్తిన పడుతుంది. 4070 వేసినా అదే తంతు. 50 సిరీస్ నుంచే 4:2:2 వచ్చింది, అది కొన్నా ప్రీమియర్ కొత్త వెర్షన్‌లో ఉండాలి.

ఇంటెల్‌లో అయితే 11వ జనరేషన్ నుంచి ప్రాసెసర్ లోపలి గ్రాఫిక్స్‌కే హెచ్.265 అనే కోడెక్ (వీడియోని కుదించే పద్ధతి)లో ఉన్న 4:2:2 విప్పడం వచ్చు, క్విక్ సింక్ అంటారు. ఎఫ్ అంటే ఆ గ్రాఫిక్స్ పీకేసిన మోడల్. మనం రెండు వేలకి వదిలేసుకుంది అదే! నేనైతే 12400ఎఫ్ సెకండ్ హ్యాండ్‌లో అమ్మేసి మామూలు 12400 వేశా, సాకెట్ అదే కాబట్టి బోర్డు మార్చక్కర్లేదు. వేసిన రోజు కూడా ఆగి ఆగి ప్లే అవడం అలాగే ఉంటే గుండె జారిపోయింది, తీరా చూస్తే కార్డు పెట్టి ఉండటం వల్ల బయోస్‌లో (సిస్టమ్ ఆన్ అవుతుండగా తెరిచే సెట్టింగ్స్) లోపలి గ్రాఫిక్స్ ఆఫ్‌లో ఉంది. ఐజీపీయూ మల్టీ మానిటర్ అని ఉంటుంది, బోర్డుని బట్టి పేరు కొంచెం మారుతుంది, అది ఆన్ చేసి, ఇంటెల్ గ్రాఫిక్స్ డ్రైవర్ వేసి, ప్రీమియర్ ప్రిఫరెన్సెస్‌లో మీడియాకి వెళ్ళి హార్డ్‌వేర్ యాక్సిలరేటెడ్ డీకోడింగ్ దగ్గర ఇంటెల్‌కి టిక్ పెట్టి, ప్రీమియర్ మూసి మళ్ళీ తెరవాలి. మానిటర్ కేబుల్ కార్డుకే ఉండనివ్వండి. అప్పుడు పడ్డాయి తలంబ్రాలు టైమ్‌కి.

ఒక్క మెలిక. ఇది సోనీ కెమెరాలో ఎక్స్‌ఏవీసీ హెచ్‌ఎస్ అనే రికార్డింగ్ ఫార్మాట్‌లో తీసిన ఫైళ్ళకే, ఎందుకంటే అది హెచ్.265. ఉత్త ఎక్స్‌ఏవీసీ ఎస్ అంటే హెచ్.264, అందులో 4:2:2 తీస్తే 12400 లోపలి గ్రాఫిక్స్ కూడా చేతులెత్తేస్తుంది. మీడియా ఇన్ఫో అని ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఉంది, ఒక క్లిప్ అందులో పడేస్తే ఏ కోడెకో, 4:2:2నో 4:2:0నో చెప్పేస్తుంది.

ఇప్పటికిప్పుడు చేతిలో ఉన్న పెళ్ళి డెలివరీ ఇవ్వాలంటే ప్రాక్సీలే (ఎడిటింగ్‌కి మాత్రమే వాడే తేలికైన కాపీలు) గతి. క్లిప్పులన్నీ సెలెక్ట్ చేసి రైట్ క్లిక్ కొట్టి ప్రాక్సీలో క్రియేట్ ప్రాక్సీస్, ప్రోరెస్ ప్రాక్సీ పెట్టి రాత్రి పడుకునేముందు వదిలేయండి, కరెంటు పోతుందనుకుంటే యూపీఎస్ చూసుకోండి. ఎక్స్‌పోర్ట్ ఒరిజినల్ నుంచే వస్తుంది, క్వాలిటీ పోతుందని భయం వద్దు. బయట వేరే సాఫ్ట్‌వేర్‌లో ప్రాక్సీ చేస్తే మాత్రం ఆడియో చానెల్స్ ఒరిజినల్‌తో సమానంగా ఉండాలి, లేకపోతే అటాచ్ అవ్వదు.

వచ్చే ఈవెంట్‌కి అసలు కెమెరాలోనే హెచ్‌ఎస్ 4:2:0 10 బిట్ పెట్టి చూడండి, అది మీ 3060యే విప్పేస్తుంది, పైసా ఖర్చు లేదు. ఎవరేమన్నా అనుకోండి, పెళ్ళి వీడియో వాట్సాప్‌లో చూసే పార్టీకి ఆ తేడా కనిపించిన కేసు నాకింతవరకు తగల్లేదు.

కింద ఇంకోటి అడిగారు, బంధువుల ఫోన్ క్లిప్పుల్లో మాటకీ పెదాలకీ కుదరట్లేదని. అది వేరే జబ్బు, ఫోన్లు ఫ్రేమ్ రేట్ నిలకడగా ఉంచవు. హ్యాండ్‌బ్రేక్ అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్‌లో కాన్‌స్టాంట్ ఫ్రేమ్ రేట్ పెట్టి మార్చి తెచ్చుకోండి.

ముందు ప్లే చేస్తూ ఆ వీడియో డీకోడ్ గ్రాఫ్ ఎంత చూపిస్తుందో, మీడియా ఇన్ఫో ఏమంటుందో చూసి ఇక్కడ పెట్టండి, అప్పటిదాకా కార్డు ఆర్డర్ ఆపండి.