చలికాలం వాషర్ ఫ్లూయిడ్: డాలస్ నుంచి షికాగో వెళ్తే ఏది పోయాలి?

మీరు అడిగింది ఇది: కారు ముందు అద్దం కడిగే నీలం ఫ్లూయిడ్, డాలస్‌లో పోయించింది, ట్యాంకులో సగం ఉంది. డిసెంబరులో షికాగోకి మారుతున్నారు. షాపులో డబ్బాల మీద, ఎన్ని డిగ్రీల దాకా గడ్డకట్టదో చెప్పే అంకెలు 32, 0, మైనస్ 20, మైనస్ 25, ఇంకా కిందివి కూడా ఉన్నాయి. ఏది కొనాలి, ఉన్నదాని మీదే పోసేయొచ్చా, నీళ్లు కలపొచ్చా? (సెల్సియస్ అని రాయని చోట కింది డిగ్రీలన్నీ ఫారెన్‌హీటే.)

మైనస్ 25 గానీ అంతకంటే కిందిది గానీ కొనండి. పాతది తీసేసి పోయండి, మీద పోయొద్దు. షాపులో దొరికే గ్యాలన్ డబ్బా సరకు అలాగే వాడేది, అందులో నీళ్లు చుక్క కూడా కలపొద్దు. కాన్సెంట్రేట్ (చిక్కటి సరకు) అని రాసి ఉంటేనే కలపాలి, అదీ డబ్బా వెనక ఉన్న పట్టిక చూసి.

మైనస్ 20 చాలదా అంటే, షికాగోలో చాలా రోజులకు చాలుతుంది. కానీ 2019 జనవరి 30న ఓహేర్ విమానాశ్రయంలో మైనస్ 23 నమోదైంది. అలాంటి రోజులు అరుదే అనుకుందాం. అసలు ఇబ్బంది వేరే ఉంది. డబ్బా మీది అంకె కదలకుండా ఉన్న ద్రవానికి వర్తిస్తుంది. అద్దం మీద పల్చగా పరుచుకున్నాక, గంటకు 65 మైళ్ల గాలి తగులుతున్నప్పుడు లెక్క మారిపోతుంది. ఫ్లూయిడ్ గడ్డకట్టకుండా ఆపేది అందులోని మిథనాల్ అనే ఆల్కహాల్, అది నీటికంటే త్వరగా ఆవిరవుతుంది. ఆవిరవుతూ అద్దాన్ని ఇంకా చల్లబరుస్తుంది. మిగిలిన పొరలో నీటి పాలు పెరుగుతుంది, అది అక్కడికక్కడే తెల్లగా గడ్డకడుతుంది. హైవే మీద ముందు లారీ చిమ్మిన ఉప్పు బురద తుడుద్దామని స్ప్రే కొడితే, రెండు మూడు సెకన్లలో ఎదురుగా ఏమీ కనిపించకపోవడానికి కారణం ఇదే. అందుకే మీ ఊళ్లో ఊహించే కనిష్ఠం కంటే 20 డిగ్రీలు కిందికి ఉండేది కొనడం మంచిది. స్ప్రే కొట్టే ముందు డీఫ్రాస్ట్ వేడి గాలిని అద్దానికి కొన్ని నిమిషాలు తగలనివ్వండి. ఇంజిన్ వేడెక్కకముందే అద్దం కడగాలని చూస్తే ఖరీదైన ఫ్లూయిడ్ కూడా గడ్డకడుతుంది.

విండ్ చిల్ చూసి కంగారు పడేవాళ్లున్నారు. వెదర్ యాప్‌లో కనిపించే ఆ అంకె ఒంటికి తెలిసే చలి గురించి. ట్యాంకులోని ద్రవం గాలి ఉష్ణోగ్రత కంటే కిందికి పోదు.

ఇక పాతదాని మీద ఎందుకు పోయకూడదు? మైనస్ 20 ఫ్లూయిడ్‌లో బరువు ప్రకారం దాదాపు మూడో వంతు మిథనాల్ ఉంటుంది. డాలస్‌లో పోయించింది వేసవి కోసం చేసే 32 రకం కావచ్చు, అందులో గడ్డకట్టకుండా ఆపేది ఏమీ లేనట్టే, రంగూ సబ్బూ కలిపిన నీళ్లు అనుకోండి. సగం సగం కలిపితే సగటున 6 డిగ్రీల దాకా ఆగుతుందని అనిపిస్తుంది. ఆగదు. మిథనాల్ 16 శాతానికి పడిపోతుంది, ఆ మిశ్రమం సుమారు 12 డిగ్రీల దగ్గరే (మైనస్ 11 సెల్సియస్) గడ్డకట్టడం మొదలుపెడుతుంది. షికాగో జనవరిలో అది మామూలు రాత్రి. డాలస్‌లో కూడా 32 రకం ఏడాదంతా పనికొస్తుందనుకోకండి. 2021 ఫిబ్రవరి 16న అక్కడి విమానాశ్రయంలో మైనస్ 2 నమోదైంది.

రంగు చూసి తేల్చకండి. నీలం 32 కావచ్చు, మైనస్ 20 కావచ్చు. రంగు కంపెనీ ఇష్టం. డబ్బా ముందువైపు అంకె చదవండి, పక్కన ఫారెన్‌హీటా సెల్సియసా కూడా చూడండి. కెనడా సరకు మీద సెల్సియస్ ఉంటుంది. మైనస్ 40 దగ్గర మాత్రం రెండూ ఒకటే.

పాతది ఖాళీ చేయడానికి తేలిక దారి, బయట ఇంకా గడ్డకట్టే చలి లేని రోజునే స్ప్రే చేసేయడం. స్విచ్ ఒక్కసారి పది సెకన్లకు మించి నొక్కి ఉంచొద్దు, మధ్యలో అంతే సేపు ఆగండి. పంపు మోటారు చిన్నది. అందులోంచి పారే ద్రవమే దాన్ని చల్లగా ఉంచుతుంది, ఎండిపోయాక తిప్పితే కాలిపోతుంది. ధార తెగిపోతున్నట్టు కనిపించగానే ఆపేయండి. ఓపిక లేకపోతే ఆటో పార్ట్స్ షాపులో దొరికే చేతి పంపుతో పైనుంచి లాగొచ్చు. ట్యాంకు మెడ వంకరగా ఉన్న కార్లలో గొట్టం అడుగుదాకా దిగదు, అప్పుడు స్ప్రేనే గతి. నోటితో మాత్రం పీల్చొద్దు, ఎందుకో కింద చెప్తాను. అడుగున కాస్త మిగిలిపోతుంది. ఒక లీటరు కొత్తది పోసి, అది కూడా స్ప్రే చేసేసి, అప్పుడు నింపండి. చాలా కార్లలో ట్యాంకు 3 నుంచి 5 లీటర్లు పడుతుంది. గ్యాలన్ డబ్బా అంటే 3.78 లీటర్లు, కాబట్టి రెండు డబ్బాలు తెచ్చుకోండి. మామూలుగా ఒక్కోటి 3 నుంచి 6 డాలర్లు.

నింపాక చాలామంది వదిలేసే పని ఒకటుంది. ట్యాంకులో కొత్తది ఉన్నా, గొట్టాల్లో ఇంకా పాతదే ఉంటుంది. ముందు నాజిల్స్ నుంచి కొత్త ఫ్లూయిడ్ రంగు, వాసన వచ్చేదాకా ఆగి ఆగి కొట్టండి. ఎస్‌యూవీ అయితే వెనక వైపర్ స్ప్రే కూడా మర్చిపోవద్దు. ఆ గొట్టం కారు పొడవునా పోతుంది కాబట్టి అందులో నిలిచేది ఎక్కువ. అది గడ్డకడితే గొట్టం జాయింట్ దగ్గర ఊడిపోవచ్చు, ఊడితే తర్వాత స్ప్రే కొట్టినప్పుడల్లా ఫ్లూయిడ్ లోపలి ప్యానెళ్ల వెనక కారుతుంది. వెతికి పట్టుకోవడం నరకం.

డీ-ఐసర్ అని రాసి ఉన్న రకాలు పల్చటి మంచు పొరను కరిగించగలవు. కొన్నిటిలో మిథనాల్‌తో పాటు గ్లైకాల్ కొద్దిగా ఉంటుంది, అది త్వరగా ఆవిరవదు కాబట్టి అద్దం మీద మళ్లీ గడ్డకట్టడం తగ్గుతుంది. డాలరో రెండో ఎక్కువైనా షికాగోలో అదే కొనమంటాను. అలాగని రాత్రంతా పేరుకున్న మందపాటి మంచు మీద ట్యాంకంతా కుమ్మరించకండి, దానికి స్క్రేపరే. నీటి బిందువులు జారిపోయేలా పూత వేసే రకాలు వానకు బాగుంటాయి గానీ, కొన్ని అద్దాల మీద వైపర్లు గరగరలాడుతాయి. వాటిని వేరే కంపెనీ ఫ్లూయిడ్‌తో కలిపితే ఒక్కోసారి జిగురులా తయారై పంపు దగ్గరి చిన్న జల్లెడను మూసేస్తుంది. ఏదో ఒకదానికే కట్టుబడండి.

ఇంట్లో తయారీ చిట్కాల మీద నాకు నమ్మకం లేదు. వెనిగర్ గడ్డకట్టడాన్ని దాదాపు ఆపదు. గిన్నెల సబ్బు నురగ తెస్తుంది, ఎండాక జిడ్డు మరక మిగులుతుంది. రబ్బింగ్ ఆల్కహాల్ పనిచేస్తుంది గానీ, అందులో ఉండే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ని నీళ్లతో సగం సగం కలిపినా మైనస్ 20 సెల్సియస్ (మైనస్ 4) దగ్గరే ఆగిపోతుంది. అంత ఆల్కహాల్ కొనే డబ్బుతో రెడీమేడ్ డబ్బాలే వస్తాయి.

బే ఏరియా నుంచి తాహో వెళ్లేవాళ్లు కూడా ఇలాంటి ప్రశ్నే అడుగుతుంటారు కాబట్టి ఒక మాట. కాలిఫోర్నియాలో గాలి కాలుష్య నిబంధనల వల్ల ఫ్రీమాంట్, శాన్ హోసే లాంటి చోట్ల అమ్మే రెడీమేడ్ ఫ్లూయిడ్‌లో ఆల్కహాల్ ఉండీ లేనట్టే. తాహో లాంటి కొండ ప్రాంతాల్లో మాత్రం చలికి తగ్గ రకం అమ్మనిస్తారు. కొండ ఎక్కకముందే ట్యాంకు ఖాళీ చేసుకుని, పైకి చేరువయ్యాక కొని పోసుకోండి.

ఇప్పటికే గడ్డకట్టిందా? స్విచ్ మళ్లీ మళ్లీ నొక్కొద్దు, ఫ్యూజ్ పోతుంది, లేదా మోటారు పోతుంది. వేడి నీళ్లు అద్దం మీద అసలే వద్దు, పగులుతుంది. ట్యాంకులో పోసినా అవి చల్లారి గడ్డ ఇంకా పెరుగుతుంది. ఇంజిన్ వేడికి కరుగుతుందని గంటసేపు కారు ఆన్‌లో ఉంచేవాళ్లున్నారు, కానీ చాలా కార్లలో ట్యాంకు బంపర్ వెనక మూల ఉంటుంది, ఆ వేడి అక్కడికి చేరదు. వేడి ఉన్న గ్యారేజీలోనో, మాల్ భూగర్భ పార్కింగ్‌లోనో కొన్ని గంటలు వదలడమే మందు. కరిగాక మొత్తం ఖాళీ చేసి మంచిది పోయండి.

మిథనాల్ విషం. రంగు చూసి పిల్లలు డ్రింక్ అనుకుంటారు. పది మిల్లీలీటర్ల స్వచ్ఛమైన మిథనాల్‌తో కంటిచూపు పోవచ్చు, 30 మిల్లీలీటర్లతో ప్రాణం పోవచ్చు. ముందు మత్తుగా మాత్రమే ఉండి, అసలు లక్షణాలు గంటల తర్వాత బయటపడతాయి, కాబట్టి బాగానే ఉన్నాడు కదా అని ఆగొద్దు. అమెరికాలో పాయిజన్ కంట్రోల్ నంబరు 1-800-222-1222. మిగిలినదాన్ని మంచినీళ్ల సీసాలో పోసి ఉంచడం, ఖాళీ డబ్బాను నీళ్లకు వాడుకోవడం రెండూ చేయొద్దు. ఐరోపా సమాఖ్యలో జనానికి అమ్మే వాషర్ ఫ్లూయిడ్‌లో మిథనాల్ 0.6 శాతం కంటే తక్కువే ఉండాలి, అక్కడ ఇథనాల్, ఐసోప్రొపైల్ రకాలు వాడతారు. జర్మనీలో ఉన్న స్నేహితులెవరైనా పాళ్లు చెప్తే అవి మీకు అందుకే సరిపోవు.

పోసేటప్పుడు మూత మీద అద్దం, నీటి చిమ్ము బొమ్మ ఉందో లేదో చూడండి. కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం) ట్యాంకు పక్కనే ఉండొచ్చు. పొరపాటున అందులో పోస్తే ఇంజిన్ స్టార్ట్ చేయకుండా మెకానిక్‌ని పిలవండి. మిథనాల్ 65 సెల్సియస్‌కే మరుగుతుంది, ఇంజిన్ వేడికి అది ఆవిరై ఒత్తిడి పెంచుతుంది, సబ్బు నురగ కడుతుంది. రెండో డబ్బా ట్రంక్‌లో నిటారుగా ఉంచుకోండి. ఉప్పు చల్లిన రోడ్డు మీద దూర ప్రయాణమైతే ఒక్క రోజులోనే ట్యాంకు అయిపోవచ్చు, ఇంటర్‌స్టేట్ పక్కన గ్యాస్ స్టేషన్లో ధర ఎక్కువ.