తడి ఆరకముందే రాయాలి

చిట్టితల్లీ,

మడమలు పగిలి దుప్పటికి గీరుకుంటున్నాయని రాశావు. నా కాళ్లూ ఒకప్పుడు అంతే. కొన్న డబ్బాలన్నీ పూసి పూసి విసిగిపోయి, చివరికి ఇంట్లోనే లేపనం కాచుకోవడం మొదలుపెట్టాను.

ముందు ఒక సంగతి చెబుతాను, అది తెలియకే నేను చాలాకాలం నూనె వృథా చేశాను. చర్మాన్ని మెత్తగా ఉంచేది నీళ్లు. అరికాళ్లలో చెమట గ్రంథులు బోలెడున్నా, నూనె గ్రంథులు ఒక్కటీ లేవు. అందుకే మడమ తొందరగా ఎండిపోతుంది. పైగా అక్కడి చర్మం దళసరి. ఎండితే సాగదు, ఒంటి బరువంతా మీద పడగానే అంచుల్లో చీలుతుంది. మనం కాచే లేపనం కొత్తగా తడి తేదు, ఉన్న తడి పోకుండా మూత వేస్తుంది అంతే. ఎండిన కాలికి ఎంత రుద్దినా ఫలితం లేనిది అందుకే.

20 గ్రాముల తేనెమైనం, 60 గ్రాముల నువ్వుల నూనె, 40 గ్రాముల ఆముదం తీసుకో. చెంచాలతో కాదు, తూకం వేసి. నువ్వుల నూనె బదులు కొబ్బరి నూనె అయినా ఫరవాలేదు గానీ, అది 24 డిగ్రీల దగ్గరే కరిగిపోతుంది కాబట్టి వేడి రోజుల్లో లేపనం జారుగా అవుతుంది. అప్పుడు మైనం కాస్త పెంచుకో.

మైనాన్ని తురిమి, నూనెలతో కలిపి పొడి గిన్నెలో వేసి, ఆ గిన్నెను వేడినీళ్లున్న వెడల్పాటి పాత్రలో పెట్టు. మంట సన్నగా ఉండాలి. నేరుగా పొయ్యి మీద పెట్టకు, మైనానికి నిప్పంటుకుంటుంది. 62, 64 డిగ్రీలకల్లా అది కరగడం మొదలవుతుంది, తొందరపడనక్కర్లేదు. అంతా తేటపడ్డాక, ముందే ఫ్రీజర్‌లో పెట్టిన చెంచా మీద ఒక చుక్క వేసి రెండు నిమిషాలు ఆగి వేలితో నొక్కు. రాయిలా ఉంటే నూనె, జావలా ఉంటే మైనం కొంచెం కలిపి మళ్లీ కరిగించు. ఈ చెంచా పరీక్ష మాత్రం మానకు. నచ్చినట్టు కుదిరాక పొడి గాజు సీసాలో పోసి, పూర్తిగా చల్లారాకే మూత పెట్టు. వేడి మీద మూస్తే మూతకు ఆవిరి పట్టి, ఆ చుక్కలు లోపల పడతాయి.

నీళ్లంటే గుర్తొచ్చింది. ఒకసారి తెలివి ప్రదర్శించి కలబంద గుజ్జు కలిపాను. కొద్ది రోజులకే సీసాలో బూజు! నిమ్మరసం, పాలు, రోజ్ వాటర్, ఏవీ వద్దు. పగుళ్లలో కర్పూరం మంట పుట్టిస్తుంది, అదీ వద్దు. గిన్నె వెచ్చగా ఉండగానే కాగితంతో తుడిచెయ్యి. సింకులో పోస్తే గొట్టంలో మైనం గడ్డకడుతుంది.

ఇక రాసుకునే తీరు. రాత్రి గోరువెచ్చని నీళ్లలో పది, పదిహేను నిమిషాలు కాళ్లు పెట్టు. సలసలా మరిగే నీళ్లు కాదు. నానిన చర్మాన్ని ప్యూమిస్ రాయితో మెల్లగా రుద్దు, ఒక్క రోజులోనే అంతా గీకేయాలని చూడకు. బ్లేడు జోలికి అసలు పోకు. తుండుతో అద్ది, తడి పూర్తిగా ఆరకముందే లేపనం పట్టించి కాటన్ సాక్సులు వేసుకో. సాక్సులు లేకుండా నడిస్తే జారి పడతావు, నాకు అనుభవమే. రోజూ రాస్తుంటే వారం పది రోజుల్లో తేడా కనిపించాలి. పగలు మడమ కప్పే చెప్పులు వాడు.

మొదటిసారి మోచేతి లోపల కొంచెం రాసి ఒక రోజు చూడు, మైనం కొందరికి పడదు. పగులు లోతై రక్తం కారుతున్నా, ఎర్రబడి వాచినా, వేళ్ల మధ్య దురదతో పొట్టు రాలుతున్నా డాక్టరుకు చూపించు. ఫంగస్ అయితే నా మందు పనిచేయదు. మీ అమ్మకు చక్కెర జబ్బు ఉంది కదా, తను మాత్రం కాళ్లు నానబెట్టకూడదు, రాయితో గీకకూడదు, డాక్టరును అడక్కుండా ఏదీ రాయకూడదు.

ఇంకోటి, నీ మడమ చర్మం మరీ మందంగా కట్టి ఉంటే యూరియా ఉన్న క్రీము నా లేపనం కంటే మేలు. అది కొన్నాళ్లు వాడి, మెత్తబడ్డాక దీనికి రా.

మైనం దొరికాక, కాచే ముందు చెంచాను ఫ్రీజర్‌లో పెట్టడం మర్చిపోకే.

మీ పెద్దమ్మ