నేర్పడానికి కూర్చునే ముందు

పాపా,

ఆశీస్సులు. తిరుపతిలో మేడ మీద ఆదివారాలు పిల్లలకు కలంకారీ నేర్పాలనుకుంటున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. వినగానే కడుపు నిండిపోయింది. పని గురించి నీకు నేను చెప్పేదేం లేదు, నీ చెయ్యి మంచిది. ఎట్లా నేర్పితే ఆ పిల్లలు రేపు ఏ ఉద్యోగంలో పడ్డా చేత్తో ఏదో ఒకటి చేయకుండా ఉండలేరో, అది చెప్పాలనిపించి రాస్తున్నా.

మొదటి రోజే వాళ్ళ ముందు తయారైన గుడ్డ, తయారైన రంగు పెట్టొద్దు. ఇప్పుడు చాలాచోట్ల జరుగుతున్నది అదే. ముందే గీసిపెట్టిన నెమలి, డబ్బాలో రంగులు, రెండు గంటల్లో బొమ్మ రెడీ. అమ్మానాన్నలు ఫోటో తీసి స్టేటస్ పెట్టుకుంటారు. పిల్లకు మాత్రం పని రుచి తెలియదు. నువ్వు కోరా గాడా గుడ్డ, అంటే ఇంకా ఉతకని ముతక నూలు గుడ్డ దగ్గర మొదలుపెట్టు. గంజి పోయేదాకా వాళ్ళతోనే ఉతికించు. కరక్కాయలు వాళ్ళే దంచాలి. ఆ పొడి ఎనుము పాలలో కలిపి, గుడ్డ ముంచి, పిండి ఆరేస్తుంటే వాసనకు కొందరు ముక్కు మూసుకుంటారు. మూసుకోనీ. పాలెందుకని ఎవరో ఒకరు అడుగుతారు. అడిగేదాకా చెప్పొద్దు. అడిగినప్పుడు పాలు పట్టని ముక్క మీద ఒక గీత గీయించు. రంగు పక్కలకు పాకిపోతుంది. అప్పుడు పాలలోని వెన్నే రంగును పాకనివ్వదని ఒక్క మాటలో చెబితే చాలు, జన్మలో మర్చిపోరు.

నల్ల గీతలు గీసే కసిం కూడా అంతే. ఇనుప ముక్కలు, బెల్లం, నీళ్ళు కుండలో పోసి మూత కట్టి దాదాపు మూడు వారాలు ఊరనివ్వాలి కదా, ఆ కుండ పిల్లల కంటికి కనబడేచోటే పెట్టు. ఊరిన కసింలో కలం ముంచి మామూలు గుడ్డ మీద గీస్తే తుప్పు మరకలా ఉంటుంది. అదే కలంతో కరక్కాయ పట్టించిన గుడ్డ మీద గీస్తే చూస్తుండగానే నల్లబడుతుంది. కరక్కాయలోని వగరు, కసింలోని ఇనుము కలిసి చేసే పని అది. ఆ నలుపు తేలడం చూసిన పిల్ల మొహం చూడు. అక్కడే పట్టుబడుతుంది.

నాకు నేర్పిన అయ్యోరు పాఠమంటూ చెప్పింది చాలా తక్కువ. పక్కన కూర్చోబెట్టుకుని తన పని తాను చేసుకునేవారు. ఆయన కలం నాకిప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. సన్నగా చెక్కిన వెదురు పుల్ల, మొనకు కాస్త పైన గుడ్డ చుట్టి దారంతో బిగించిన ఉండ. కసింలో ముంచి, ఉండను బొటనవేలితో అలా ఒత్తీ ఒత్తనట్టు పట్టుకుంటే మొనకు ఎంత కావాలో అంతే దిగేది. గీత మధ్యలో ఎవరు పిలిచినా పలికేవారు కాదు. చివరికొచ్చి కలం ఎత్తాకే తల తిప్పేవారు. పనికి ఎంత విలువివ్వాలో నాకు నోటితో ఎవరూ చెప్పలేదు, అది చూసే తెలుసుకున్నాను. అందుకే చెబుతున్నా, క్లాసు జరిగేటప్పుడు నువ్వూ నీ గుడ్డ పరుచుకుని కూర్చో. పిల్లల వెనకాల తిరుగుతూ ఉండొద్దు.

ఇంకో సంగతి, ఇది గట్టిగా చెబుతున్నా. పిల్ల గీసిన గీత మీద నీ కలం పెట్టొద్దు. ముక్కు వంకర పోయినా సరే. నువ్వు దిద్దితే బొమ్మ బాగుపడుతుంది, కానీ అది ఇంక ఆ పిల్లది కాదు. పక్కన చిన్న ముక్క మీద గీసి చూపించు, చాలు. మెచ్చుకునేటప్పుడు కూడా ఊరికే సూపర్ అనొద్దు. ‘ఈ కనుబొమ్మ దగ్గర నీ చెయ్యి వణకలేదు చూడు’ అను. తను చేసింది ఎవరో కళ్ళు పెట్టి చూశారని పిల్లకు తెలియాలి.

కొంచెం చెయ్యి కుదిరాక నీ సొంత గుడ్డలోనే పనివ్వు. అమ్మకానికి పోయే గుడ్డ అయినా సరే. అంచులో పువ్వులకు కరక్కాయ పువ్వుతో చేసిన పసుపు రంగు నింపమను. మా అయ్యోరు గుడికి పోవాల్సిన గుడ్డ అంచు నాకప్పగించినప్పుడు ఆ రాత్రి సంతోషానికి నిద్రపట్టలేదు.

మన కాళహస్తి పని ఒక దశలో చేసేవాళ్ళు లేక ఆగిపోయేదాకా వచ్చిందని పిల్లలకు చెప్పు. 1950లలో చేతిపనులను నిలబెట్టడానికి పాటుపడిన కమలాదేవి ఛటోపాధ్యాయ గారు పట్టుబట్టి ఇక్కడ శిక్షణ కేంద్రం పెట్టించడంతో మళ్ళీ ఊపిరి పోసుకుంది. జొన్నలగడ్డ గురప్ప శెట్టి గారు తండ్రి లక్ష్మయ్య గారి దగ్గరే కలం పట్టి, 2008లో పద్మశ్రీ అందుకునేదాకా వెళ్ళారు. ఎవరైనా ఇదే బతుకుగా పట్టుకుంటానంటే తిరుపతిలోనే టీటీడీ వాళ్ళ సంప్రదాయ శిల్పకళా సంస్థ ఉంది, అక్కడికి పంపు.

అందరూ కళాకారులు కారు, దానికి దిగులు పడొద్దు. నాతో నేర్చుకున్న ఒకాయన బస్సు డ్రైవరుగా రిటైరయ్యాడు. ఈరోజుకీ మంచానికి నవారు తనే అల్లుతాడు, మనవళ్ళకు కొయ్యబొమ్మలు తనే చెక్కుతాడు. అయ్యోరు నేర్పింది ఆయన దగ్గర ఏమీ పోలేదు.

ఫీజు నీ ఇష్టం. పిల్లలు మాత్రం కొద్దిమందే ఉండాలి, అందరి చేతులూ నీకు కనబడాలి. రంగు ఉడకబెట్టే రోజు పొయ్యి దగ్గరికి చిన్నవాళ్ళను రానీయకు.

కసిం కుండ ఈ వారమే పెట్టేయి, లేకపోతే మొదలుపెట్టే నాటికి అందదు. వెదురు పుల్లలు నేను పంపిస్తా. ఎరుపు రావాల్సినచోట పటిక పెట్టిన గుడ్డలు జాడించడానికి పారే నీళ్ళు కావాలి, లేదంటే వదిలిన పటిక పక్కన అంటుకుని, మంజిష్ఠ వేరు ఎర్ర రంగులో ఉడికేటప్పుడు అక్కడంతా ఎరుపెక్కుతుంది. ఆ రోజుకు పిల్లలందరినీ ఇక్కడికే తీసుకురా. సువర్ణముఖిలో నీళ్ళుంటే ఏట్లో జాడిద్దాం, లేకపోతే మన తోట బోరు దగ్గర. అన్నాలు నేను వండుతా.

మీ అత్త
శ్రీకాళహస్తి