అల్లుడికి, ఆ పదిహేడు అంగుళాల చక్రాల గురించి

రేయ్ అల్లుడా,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి ఊళ్లో సంగతులన్నీ మాట్లాడి, పెట్టేసే ముందు మెల్లగా చెప్పింది, "వాడు కారుకు ఏవో పెద్ద చక్రాలు వేయిస్తాడంటన్నా" అని. ఏ చక్రానికి ఏ టైరో మీ అమ్మకు తెలియదు. కానీ ఆ మాట అనేటప్పుడు గొంతు ఎందుకు అట్లా అయిందో నాకు తెలుసు. నీకు ఎవరూ చెప్పినట్టు లేదు, కింద చెప్తాను.

ముందు ఒక మాట. సెకండ్ హ్యాండ్‌దే అయినా నీ జీతంతో, ఎవరినీ చేయి చాచి అడక్కుండా స్విఫ్ట్ కొన్నావు. నీ వయసులో నా దగ్గర ఉన్నది సైకిల్. కారు ఫోటో మా డిపో రిటైర్డ్ వాళ్ల గ్రూపులో పెట్టాను, అందరూ దండాలు పెట్టారు. సరే, ఇప్పుడు తిట్లు.

నువ్వు పంపిన కొటేషన్ చూశాను. 17 అంగుళాల అల్లాయ్, 205/45 టైర్లు. నీ బండికి కంపెనీ ఇచ్చింది 165/80 ఆర్14. కాగితం తీసుకుని లెక్క వెయ్యి, ఫోన్లో వద్దు, చేత్తో వేస్తే బుర్రకెక్కుతుంది. మొదటి అంకె టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. రెండోది మిల్లీమీటర్లు కాదు, ఆ వెడల్పులో వందకు ఎంత అని. 165లో నూటికి 80 అంటే 132, అది సైడ్‌వాల్ ఎత్తు, అంటే రిమ్ అంచు నుంచి రోడ్డు దాకా ఉండే రబ్బరు గోడ. పైన ఒకటి, కింద ఒకటి, 264. దానికి రిమ్ కలపాలి, 14 అంగుళాలంటే 355.6. మొత్తం దాదాపు 620 మిల్లీమీటర్లు. నీ కొటేషన్‌లోది వేస్తే 616 వస్తుంది. అంటే షాపువాడు మొత్తం ఎత్తు దగ్గర మోసం చెయ్యలేదు, లెక్క తెలిసినవాడే. నా గొడవ వేరే ఉంది, దానికి వస్తాను.

ఆ రెండో అంకె దగ్గరే నేను దెబ్బ తిన్నాను. ఇరవై ఏళ్లు ఆర్టీసీ గ్యారేజీలో టైర్ల దగ్గర పనిచేసినవాణ్ని, నాకెవడు చెప్తాడు అనే పొగరు. మా బస్సు టైర్ల మీద 9.00-20 అని ఉండేది, అంతా అంగుళాలే, ఈ పర్సెంటు గోల లేదు. 2004లో నా మారుతి 800కి 145/70 ఆర్12 టైర్లు అరిగిపోయాయి. షాపులో 13 అంగుళాల అల్లాయ్‌లు తళతళలాడుతూ కనబడ్డాయి, వాటికి 165/65 టైర్లు. నేను ఏమనుకున్నానో తెలుసా? 70 పోయి 65 వచ్చింది, రిమ్ ఒక అంగుళం పెరిగినా టైరు పొట్టిదైంది కదా, సరికి సరి అనుకున్నాను. అది పొట్టిది కాదు నాయనా. 145లో నూటికి 70 అంటే 101, 165లో నూటికి 65 అంటే 107. రిమ్మూ పెరిగింది, టైరూ పెరిగింది. మొత్తం మీద 37 మిల్లీమీటర్లు, అంటే చక్రం పైఅంచు ఫెండర్‌కు, అదే చక్రం మీద ఉండే రేకుకు, 18 మిల్లీమీటర్లు దగ్గరికి జరిగింది. పైగా ఆ రిమ్ బయటికి పొడుచుకొచ్చే రకం. షాపులో కుర్రాడు "ఫెండర్ అంచు సుత్తితో కొంచెం లోపలికి మడుద్దామా సార్" అని అడిగాడు కూడా. కొత్త పెయింటు పగులుతుందని వద్దన్నాను. ఖాళీ బండిలో కడప అంతా తిరిగాను, ఒక్క శబ్దం లేదు.

నెల తిరిగేసరికి రాయచోటి వీరభద్రస్వామి గుడికి పోయాం. నేను, మీ అత్త, మీ అమ్మా నాన్నా, మీ అవ్వ, మీ అమ్మ ఒళ్లో మూడేళ్ల నువ్వు. ఐదుగురు పెద్దోళ్లు ఎక్కితే 800 వెనక భాగం ఎంత కుంగుతుందో నీకు తెలియదు, నువ్వు ఆ కారు నడపలేదు. తిరిగి వస్తూ గువ్వలచెరువులో ఆగి పాలకోవా తిన్నాం, ఇంటికీ కట్టించాం. కారెక్కుతుంటే మీ అమ్మ, "అన్నా, ఏదో రబ్బరు కాలిన వాసనొస్తాంది" అంది. నేనేమన్నానో ఇప్పటికీ తలచుకుంటే తల వంగిపోతుంది. "టైర్ల గురించి నాకు చెప్తావా నువ్వు, అది బ్రేకు వాసన" అని అందరి ముందూ కసిరాను. దిగి ఒక్కసారి వెనక టైరు మీద చెయ్యి పెట్టి ఉంటే చాలు, అరనిమిషం పని.

ఘాట్ దిగుతున్నాం. ఎడమకు తిరిగితే గర్‌ర్ మని శబ్దం, కుడికి తిరిగితే ఆగిపోతుంది. మూడో మలుపో నాలుగోదో, టప్ మని పేలింది. వెనక కుడి టైరు. బరువుకు ఫెండర్ అంచు టైరు భుజం మీద దిగి, కత్తితో గీసినట్టు కోసేసింది. బండి తోక ఊపింది. ఎదురుగా సిమెంటు లారీ. నేను బ్రేకు మీద నిలబడలేదు, అదొక్కటే ఆ రోజు నేను చేసిన తెలివైన పని, స్టీరింగ్ గట్టిగా పట్టుకుని కొండ వైపు మెల్లగా లాగి ఆపాను. లారీ హారన్ కొట్టుకుంటూ పోయింది. మీ అమ్మ ఏడవలేదు, నిన్ను గట్టిగా పట్టుకుని అట్లనే కూర్చుంది. నువ్వు మాత్రం కోవా కోవా అని అడుగుతున్నావు.

కష్టం అక్కడితో అయిపోలేదు. స్టెప్నీ పాతదే, 12 అంగుళాలది. ఒక పక్క పెద్ద చక్రం, ఒక పక్క చిన్నది, బండి వంకరగా కుంటుకుంటూ, ఆడవాళ్లను బస్సెక్కించి నేనూ మీ నాన్నా ఇరవై స్పీడులో కడప చేరాం. మర్నాడు తాడు తీసుకుని పాత టైరు చుట్టూ, కొత్త టైరు చుట్టూ కొలిచాను. నాలుగున్నర అంగుళాల తేడా! అప్పుడు అర్థమైంది, మీటరు 80 చూపిస్తుంటే నేను పోతున్నది 86 అని. మీ అమ్మకు ఇంతవరకూ సారీ చెప్పలేదు. అన్నలు చెప్పరు కదా, ఆ నాలుగు చక్రాలు అమ్మేసి ఊరుకున్నాను.

నీ లెక్క సరిగ్గానే ఉంది కదా మామా అంటావు. ఉంది. కానీ నీ పాత టైరుకు సైడ్‌వాల్ 132, కొత్తదానికి 92. నాలుగు సెంటీమీటర్ల మెత్తదనం పోతుంది. బెంగళూరులో ఆఫీసుకు పోవడానికి పరవాలేదేమో గానీ, నువ్వు మదనపల్లె మీదుగా రాత్రి పూట ఇంటికొచ్చే దారిలో చీకట్లో ఒక గుంత చాలు. ఇనుప రిమ్ వంగితే సుత్తితో కొట్టి దారికి తెచ్చుకోవచ్చు, అల్లాయ్ పగులుతుంది. పైగా టైరు మీద సైజు పక్కన బరువు నంబరు ఒకటి ఉంటుంది, 205/45 ఆర్17లో 84 అని ఉన్న టైరు ఒకటి 500 కిలోలే మోస్తుంది, నీ పాతదాని మీద 85 ఉంటే అది 515. పాతదానికన్నా తక్కువ మోసేది ఎప్పుడూ వెయ్యకూడదు. నువ్వు ఒక్కడివే తిరుగుతావా? సంక్రాంతికి ఇంటిల్లిపాదీ ఎక్కుతారు.

అందుకే 15 అంగుళాలు, 185/65 వేయించు. లెక్క వేసి చూడు, 621.5 వస్తుంది, పాతదానికి రెండు మిల్లీమీటర్లు కూడా తేడా లేదు. అదే స్విఫ్ట్ పై మోడళ్లకు కంపెనీవాడే ఇచ్చే సైజు. 88 నంబరు తీసుకుంటే 560 కిలోలు మోస్తుంది. స్టైల్ కావాల్సిందే అంటే 16కి 195/55, అదీ 621 దగ్గరే. అంతకు మించి నన్ను అడగొద్దు.

రిమ్ విషయం. నీ బండికి నాలుగు నట్లు, 100 పీసీడీ, అంటే ఆ నట్లు కూర్చునే వలయం అడ్డకొలత 100 మిల్లీమీటర్లు. మధ్య రంధ్రం 54.1 ఉండాలి, బయట దొరికే అల్లాయ్‌లకు పెద్దగా ఉంటుంది కాబట్టి ఆ సందు పూడ్చే రింగు అడిగి వేయించుకో, లేకపోతే ఎనభై దాటితే స్టీరింగ్ వణుకుతుంది, నువ్వు బ్యాలెన్సింగ్ అనుకుని షాపుల చుట్టూ తిరుగుతావు. రిమ్ వెనక ఈటీ అని ఒక అంకె పోసి ఉంటుంది, చక్రం ఎంత లోపలికి కూర్చుంటుందో చెప్పేది, అది పాతదానికి దగ్గరగా ఉండాలి. తగ్గేకొద్దీ చక్రం బయటికి వస్తుంది, అంటే నా కథే. జేడబ్ల్యూఎల్ ముద్ర, అంటే అల్లాయ్ రిమ్‌ల గట్టిదనానికి జపాన్ వాళ్ల గుర్తు, అది లేని రిమ్ ఎంత మెరిసినా ముట్టుకోకు. నట్లు ఆ రిమ్‌కు సరిపోయేవే వాడాలి, యాభై వంద కిలోమీటర్లు తిరిగాక మళ్లీ బిగించు.

టైరు మీద నాలుగంకెలు చూడు, 3223 అంటే 2023లో 32వ వారం తయారైందని. పాత సరుకు అంటగడతారు.

గాలి డ్రైవర్ డోర్ దగ్గర స్టిక్కర్ చూసి, పొద్దున్నే టైరు చల్లగా ఉన్నప్పుడు పట్టించు. సైజు మారింది కాబట్టి టైరు షాపులో కూడా ఒక మాట అడుగు. మన ఎండలకు గాలి ఎక్కువైతే పేలుతుందని తగ్గిస్తుంటారు జనం, గ్యారేజీలో నేను చూసినవాటిలో గాలి తక్కువై, టైరు నలిగి, వేడెక్కి పోయినవే ఎక్కువ.

ఇన్సూరెన్స్‌వాళ్లకు చక్రాలు మార్చినట్టు మెయిల్ పెట్టు. స్టెప్నీ పాతదే ఉంటుంది, ఎత్తు ఒకటే కాబట్టి పంక్చర్ షాపు దాకా నెమ్మదిగా తెస్తుంది.

బిగించాక అక్కడే నలుగురు స్నేహితులను ఎక్కించుకుని, స్టీరింగ్ ఆ చివర నుంచి ఈ చివరకు తిప్పి, స్పీడ్ బ్రేకర్ల మీద ఎక్కించి దించు. ఎక్కడ రాసుకున్నా డబ్బు కట్టకుండా విప్పించెయ్. మొహమాటపడకు.

కొత్త చక్రాలతో ఏ శనివారం వస్తున్నావో చెప్పు. గువ్వలచెరువులో ఎటూ ఆగుతావు, అరకిలో కోవా తీసుకో, మీ అమ్మకు ఇష్టం. అట్లనే దిగి నాలుగు టైర్ల మీదా ఒకసారి చెయ్యి పెట్టి చూసి, ఘాట్ దిగే ముందు నాకు ఫోన్ చెయ్యి. ఎంత రాత్రయినా ఎత్తుతాను.

మీ మామ