మా లాయరు గారు ఎమ్మెల్సీ అయ్యారు, మా కేసు ఏమవుతుంది?

ప్రశ్న: మా పొలం తగాదా వాదిస్తున్న లాయరు గారిని ఈమధ్య గవర్నర్ కోటాలో ఎమ్మెల్సీగా వేశారు. ఇక ఆయన వాదించకూడదని, వకాలతు చెల్లదని అవతలివాళ్లు ఊరంతా చెబుతున్నారు. అసలు లాయరును ఆ కోటాలో వేయవచ్చా? మాకు టెన్షన్‌గా ఉంది.
- ఒక పాఠకుడు, నల్గొండ జిల్లా

జవాబు: మీ వకాలతుకు ఢోకా లేదు. పూర్తికాలం జీతానికి పనిచేసేవాళ్లు ప్రాక్టీసు చేయకూడదని బార్ కౌన్సిల్ 49వ నిబంధన అంటుంది. అవతలివాళ్లు పట్టుకున్నది బహుశా దీన్నే. ఎంపీలు, ఎమ్మెల్యేలు, ఎమ్మెల్సీలు జీతం తీసుకుంటున్నారు కాబట్టి వాళ్లకూ ఇదే వర్తిస్తుందని ఒకరు సుప్రీంకోర్టుకు వెళ్లారు. చట్టసభల సభ్యులు ప్రభుత్వ ఉద్యోగులు కారని 2018 సెప్టెంబరులో కోర్టు ఆ పిటిషన్ కొట్టేసింది. నామినేట్ అయినా, గెలిచి వచ్చినా ఈ విషయంలో తేడా లేదు. రేపు ఆయన మంత్రి అయితే మాత్రం కోర్టు పని పక్కన పెట్టాల్సిందే అనుకోండి.

ఇక కోటా సంగతి. గవర్నర్ నామినేట్ చేసేవాళ్లు ఏ రంగాల వాళ్లై ఉండాలో చెప్పే రాజ్యాంగం 171వ అధికరణ సాహిత్యం, విజ్ఞానం, కళలు, సహకారోద్యమం, సామాజిక సేవ అంటుంది. న్యాయవాద వృత్తి ఊసే లేదు. అందుకే లాయర్లను ఎక్కువగా సామాజిక సేవ కింద చూపిస్తారు. అందులో నిజమెంత అనేది మనిషిని బట్టి ఉంటుంది! ఇది కొత్తేమీ కాదు. సేలంలో వకీలుగా పేరు తెచ్చుకున్న రాజాజీని 1952లో గవర్నర్ శ్రీప్రకాశ మద్రాసు మండలికి నామినేట్ చేశారు. ఆయన ఎన్నికల్లో నిలబడకుండానే ముఖ్యమంత్రి అయ్యారు. కోస్తా, రాయలసీమ అప్పటికి ఆ రాష్ట్రంలోనే ఉన్నాయి. కమ్యూనిస్టు నాయకుడు పి. రామమూర్తి హైకోర్టుకెక్కినా ఆ నామినేషన్ నిలిచింది.

మీ లాయరు గారి నామినేషన్‌పై రేపు ఎవరైనా కోర్టుకు వెళ్లినా, పోతే ఆయన సీటు పోతుంది గానీ మీ దావాకు ఏమీ కాదు.

మీరు చూసుకోవాల్సింది వాయిదాలు. మండలి సమావేశాలప్పుడు ఆయన హైదరాబాదులో ఉంటారు. సాక్షుల విచారణ ఆ రోజుల్లోనే పడితే కష్టం. ఆయన జూనియర్‌నో, మీకు నమ్మకమున్న మరొకరినో వకాలతులో చేర్పించమని ఇప్పుడే అడగండి. పూర్తిగా మార్చాలనుకుంటే ‘నో అబ్జెక్షన్’ రాయించుకుని కోర్టు అనుమతి తీసుకోండి. ఫీజు బాకీ ఉందని ఆయన ఫైలు ఆపడానికి వీల్లేదు. ఆ మాట సుప్రీంకోర్టు 2000లోనే చెప్పింది.