టెక్ సందేహాలు: గ్రాఫిక్స్ కార్డుకు వోల్టేజ్ పెంచాలా, తగ్గించాలా?

ప్రశ్న: మాది హనుమకొండలోని నయీంనగర్. ఇంజినీరింగ్ చదువుతున్నాను. నా కంప్యూటర్‌లో ఆర్‌టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ కార్డు ఉంది. కార్డు సెట్టింగులు మార్చే ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ అనే ప్రోగ్రామ్‌లో కోర్ క్లాక్‌ను (చిప్పు వేగాన్ని) 150 మెగాహెర్ట్జ్ పెంచితే ఆట మధ్యలో తెర నల్లబడి గేమ్ మూతపడుతోంది. వోల్టేజ్ పెంచితే నిలబడుతుందని మిత్రుడు అంటున్నాడు గానీ ఆ స్లైడర్ కదలడమే లేదు. మధ్యాహ్నం పూట ఆడితే కార్డు వేడి 83 డిగ్రీలు చూపిస్తోంది. ఏం చేయమంటారు?

జవాబు: ముందు స్లైడర్ సంగతి. ఆఫ్టర్‌బర్నర్‌లో వోల్టేజ్ మార్చే వీలును మొదట మూసి ఉంచుతారు. సెట్టింగ్స్‌లోని జనరల్ విభాగంలో ‘అన్‌లాక్ వోల్టేజ్ కంట్రోల్’, ‘అన్‌లాక్ వోల్టేజ్ మానిటరింగ్’ అనే రెండు గడుల్లో టిక్ పెట్టి, ప్రోగ్రామ్‌ను మూసి మళ్లీ తెరిస్తే అది కదులుతుంది. అయితే 2016లో వచ్చిన జీటీఎక్స్ 10 సిరీస్ నుంచి ఎన్విడియా కార్డుల్లో ఈ స్లైడర్ మిల్లీవోల్టుల్లో కాకుండా శాతాల్లో ఉంటోంది. దాన్ని 100కు జరిపినంత మాత్రాన వోల్టేజ్ రెట్టింపు కాదు; కార్డు తనకు తాను విధించుకున్న గరిష్ఠ పరిమితి కొద్దిగా పైకి జరుగుతుంది, అంతే. మీ కార్డు విషయంలో ఆ హద్దు సుమారు 1.1 వోల్టుల దగ్గర ఉంటుంది.

మీ మిత్రుడి మాటలో నిజం లేకపోలేదు. వోల్టేజ్ ఎక్కువైనకొద్దీ చిప్పులోని ట్రాన్సిస్టర్లు త్వరగా స్థితి మారుతాయి కనుక ఎక్కువ క్లాక్ వేగాన్ని తట్టుకోగలుగుతాయి. ఆయన చెప్పనిది దానికి మనం చెల్లించే ధర. పనిచేసేటప్పుడు చిప్పు వాడే విద్యుత్తు క్లాక్ వేగానికి నేరు అనుపాతంలోనూ, వోల్టేజ్ వర్గానికి అనుపాతంలోనూ పెరుగుతుంది. 1.05 వోల్టుల నుంచి 1.10కి వెళ్తే వోల్టేజ్ పెరిగింది 5 శాతం లోపే. అదే వేగం దగ్గర చిప్పు ఖర్చు మాత్రం దాదాపు 10 శాతం పెరుగుతుంది. ఆ 10 శాతమంతా చివరికి వేడిగానే బయటికి వస్తుంది.

ఇక్కడే మన ఊరి ఎండ లెక్కలోకి వస్తుంది. కార్డు ఫ్యాన్లు గదిలోని గాలినే తిప్పుతాయి తప్ప దాన్ని చల్లబరచవు. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో, డాబా కింది గదిలో గాలే 40 డిగ్రీలు ఉన్నప్పుడు, డిసెంబరు ఉదయం 62 డిగ్రీల దగ్గర హాయిగా నడిచిన కార్డు 80 దాటడంలో వింతేమీ లేదు. (నా గదిలోనూ అదే కథ, మే నెలలో పగటిపూట చేసిన ఓవర్‌క్లాకింగ్ (చిప్పు వేగాన్ని మామూలు కన్నా పెంచే) పరీక్షల ఫలితాలను నేను నమ్మను, రాత్రి పదింటికి మళ్లీ చేస్తాను.) మీరు చూసిన 83 డిగ్రీలు సాధారణంగా ఈ కార్డులకు పెట్టి ఉండే ఉష్ణోగ్రత లక్ష్యం. అక్కడికి చేరగానే కార్డు తనంతట తానే వేగాన్నీ వోల్టేజ్‌నూ తగ్గించుకుంటుంది. అసలు అంతకు చాలా ముందు నుంచే, వేడి పెరిగేకొద్దీ 15 మెగాహెర్ట్జ్ చొప్పున మెట్లు దిగుతూ వస్తుంది. అంటే మీరు వోల్టేజ్ పెంచి సంపాదించే వేగాన్ని వేడి వెనక్కి లాక్కుంటుందన్నమాట.

కాబట్టి ఏదైనా మార్చే ముందు, కార్డును ఏది ఆపుతోందో తెలుసుకోండి. జీపీయూ-జడ్ అనే ఉచిత ప్రోగ్రామ్‌లోని సెన్సార్ల పేజీలో ‘పెర్ఫ్‌క్యాప్ రీజన్’ అనే వరుస ఉంటుంది. ఆట నడుస్తున్నప్పుడు అక్కడ పవర్ అని వస్తే కార్డు తన 170 వాట్ల పరిమితిని తాకిందని, థర్మల్ అని వస్తే వేడి అడ్డుపడుతోందని అర్థం. ఈ రెండు సందర్భాల్లోనూ వోల్టేజ్ పెంచడం వృథా మాత్రమే కాదు, హాని కూడా. వీరెల్ (వోల్టేజ్ హద్దే అడ్డుపడుతోందని అర్థం) అని కనిపించి, వేడి 70 లోపు ఉన్నప్పుడే ఆ స్లైడర్‌కు కొంత అర్థం ఉంటుంది.

మీ పరిస్థితిలో నేనైతే వోల్టేజ్ తగ్గిస్తాను. ఆఫ్టర్‌బర్నర్‌లో కంట్రోల్, ఎఫ్ కలిపి నొక్కితే వోల్టేజ్‌కూ వేగానికీ ఉన్న సంబంధాన్ని చూపే వక్రరేఖ తెరుచుకుంటుంది. ముందు కోర్ క్లాక్‌ను మైనస్ 250కి దించి అప్లై నొక్కండి. తర్వాత వక్రరేఖలో 900 మిల్లీవోల్టుల దగ్గరున్న చుక్కను పట్టుకొని 1800 మెగాహెర్ట్జ్ వరకు పైకి లాగి మళ్లీ అప్లై నొక్కితే, దానికి కుడివైపున్న గీత అంతా బల్లపరుపుగా మారుతుంది. ఇక కార్డు 900 మిల్లీవోల్టులు దాటదు. 1.05తో పోలిస్తే చిప్పు ఖర్చు నాలుగో వంతు దాకా తగ్గుతుంది. ఆటలో వేగం మాత్రం ఇంచుమించు అంతే ఉంటుంది. నిలకడగా ఉంటే 15 చొప్పున పెంచుకుంటూ వెళ్లండి. ఒకే మోడల్‌లోనూ ఏ రెండు చిప్పులూ ఒకేలా ఉండవు కనుక ఇతరుల అంకెలను యథాతథంగా ఎత్తుకోవద్దు.

పరీక్షకు ఐదు నిమిషాల బెంచ్‌మార్క్ (వేగాన్ని కొలిచి స్కోరు ఇచ్చే ప్రోగ్రామ్) చాలదు. మీరు రోజూ ఆడే ఆటనే గంటసేపు ఆడండి. కార్డు 2 సెకన్లపాటు బదులు పలకకపోతే విండోస్ డ్రైవర్‌ను తిరిగి మొదలుపెడుతుంది. మీ తెర నల్లబడటం బహుశా అదే. విండోస్‌లోని ఈవెంట్ వ్యూయర్‌లో 4101 అనే అంకెతో నమోదై ఉందేమో చూడండి. వారం రోజులు గడవనిదే, కంప్యూటర్ తెరవగానే ఈ మార్పులు అమలయ్యే బటన్‌ను మాత్రం నొక్కకండి. హద్దులు దాటించే బయాస్‌ను (కార్డును నడిపే మూల ప్రోగ్రామ్‌ను) కార్డులోకి ఎక్కించమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. ఎక్కువ కరెంటు, ఎక్కువ వేడి కలిసి చిప్పులోని సన్నని లోహపు తీగలను ఏళ్ల తరబడి అరగదీస్తాయి; ఆ నష్టం ఆ రోజు కనిపించదు.

ప్రశ్న: జగిత్యాల దగ్గరి పల్లె మాది. వ్యవసాయ మోటార్లు నడిచే వేళ ఇంట్లో కరెంటు 180 వోల్టులకు పడిపోతుంది. అందుకని గ్రాఫిక్స్ కార్డు వోల్టేజ్ పెంచుకోవాలా?

జవాబు: అక్కర్లేదు. ఈ రెండు వోల్టేజ్‌లకూ పేరొక్కటే. గోడ ప్లగ్గులోని కరెంటును కంప్యూటర్‌లోని ఎస్ఎంపీఎస్ (పవర్ సప్లై పెట్టె) 12 వోల్టులుగా మారుస్తుంది. కార్డు మీదున్న సర్క్యూట్ ఆ 12ను మళ్లీ ఒక వోల్టు దరిదాపులకు దించి చిప్పుకు అందిస్తుంది. ఒక వోల్టు దగ్గర 150 వాట్లంటే 150 ఆంపియర్లు. ఆ పని ఎంత సున్నితమైనదో ఊహించుకోండి. మీ ఎస్ఎంపీఎస్ మీద ఇన్‌పుట్ 100-240 అని రాసి ఉంటే 180 దానికి సమస్య కాదు. 200-240 అని ఉంటే స్టెబిలైజర్ కొనండి. యూపీఎస్ ఉన్నవారు ఇంకొకటి గమనించాలి: 600 వీఏ అని రాసి ఉన్నది సాధారణంగా 360 వాట్లే ఇస్తుంది. ఓవర్‌క్లాక్ చేసిన కార్డు క్షణకాలం ఎక్కువ లాగినప్పుడు అది కూతపెట్టి ఆగిపోతే, తప్పు కార్డుది కాదు.

ప్రశ్న: కరీంనగర్‌లో ఉంటాను. కోర్ వోల్టేజ్ పెంచినా మెమరీ ఓవర్‌క్లాక్ నిలబడటం లేదు, ఎందుకు?

జవాబు: కోర్ వోల్టేజ్ స్లైడర్‌కూ మెమరీకీ సంబంధం లేదు, మెమరీ చిప్పులకు వోల్టేజ్ వేరే దారిలో అందుతుంది. కోర్‌ను మామూలు స్థితికి తెచ్చి, మెమరీని 50 మెగాహెర్ట్జ్ చొప్పున పెంచుతూ ప్రతిసారీ బెంచ్‌మార్క్ స్కోరు రాసుకోండి. తెర మీద చుక్కలు, గీతలు కనబడకపోయినా స్కోరు తగ్గడం మొదలైతే, లోపల దోషాలను సరిదిద్దుకోవడానికే కార్డు సమయం వెచ్చిస్తోందని గ్రహించి, అక్కడి నుంచి 100 వెనక్కి రండి.